సగం వాడిన ట్యూబు గురించి రాసేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

సగం వాడిన సిలికాన్ ట్యూబును పాడవకుండా ఎలా దాచాలో నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాష్‌బేసిన్ అంచున జానెడు మేర, సందులు మూసే సిలికాన్ ముద్ద పూసి, మిగిలిన ట్యూబును అటక మీద పడేసి, ఆరు నెలల తర్వాత తీస్తే లోపల అంతా రబ్బరు కడ్డీలా బిగుసుకుపోయి ఉండటం ఎన్నో ఇళ్లలో జరిగేదే కాబట్టి, మంచి విషయమే ఎంచుకున్నావు. అయితే ‘గాలి తగలకుండా గట్టిగా మూయాలి’ అన్న ఒక్క వాక్యంతో అసలు సంగతిని దాటేశావు. ఆ వాక్యం కొట్టేసి, అక్కడే నిలబడి రాయి.

సిలికాన్ రంగులా ఆరిపోయేది కాదు. గాలిలోని తేమతో కలిసి గట్టిపడేది. మామూలుగా కొట్లలో దొరికే రకం అలా గట్టిపడుతూ ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, ఆ ఘాటైన వెనిగర్ వాసన అదే. సందులు మూసే మరో రకం ముద్ద, అక్రిలిక్ సీలెంట్ దారి వేరు. అది తనలోని నీరు పోగొట్టుకుని గట్టిపడుతుంది. నువ్వేమో రెండింటికీ కలిపి నాజిల్‌ను, అంటే ట్యూబు కొసనున్న సన్నటి గొట్టాన్ని, నీళ్ల గ్లాసులో ముంచి ఉంచమన్నావు. అక్రిలిక్ నాజిల్‌కు తడిగుడ్డ చుట్టడంలో అర్థముంది గాని, సిలికాన్‌ను నీళ్లలో పెట్టడమంటే చేజేతులా గట్టిపరచడమే. కారణం తెలుసుకుని రాసి ఉంటే ఆ సలహా నీ కలం దాటేది కాదు.

ఆ తర్వాత చేతులు చేసే పనిని వరసగా చూపించు. పని ముగియగానే, ట్యూబును బిగించి నొక్కే గన్ వెనకనున్న మీట నొక్కి కడ్డీని వెనక్కి లాగాలి. లేకపోతే ఒత్తిడి తగ్గక సిలికాన్ కారుతూనే ఉంటుంది. నాజిల్ కొసన అంగుళం మేర సిలికాన్‌ను బయటికి వదిలేస్తే అదే గట్టిపడి బిరడా అవుతుంది. మామూలు వాతావరణంలో అది రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోతున గట్టిపడుతుంది, పై పొర మందమయ్యేకొద్దీ ఆ వేగం తగ్గుతుంది. వారాల తరబడి ఉంచాలంటే నాజిల్‌లోకి పొడవాటి, తుప్పుపట్టని స్టీలు స్క్రూ బిగించి, పైన టేపు చుట్టాలి. నేనొకసారి స్క్రూకు బదులు ఇనప మేకు దిగ్గొట్టాను. ఆ ఆమ్లానికి మేకు తుప్పుపట్టి, తర్వాతి పనిలో తెల్లటి గీత మీద గోధుమరంగు చార వచ్చింది. కోసి తీసి మళ్లీ పూయవలసి వచ్చింది.

మళ్లీ తెరిచే ఘట్టాన్ని దగ్గరగా చూసి రాయి: స్క్రూను తిప్పుతూ లాగితే దాని మరలకు పట్టుకుని తెల్లటి రబ్బరు పుల్ల సాగుతూ వస్తుంది, వెనకే వెనిగర్ వాసన గుప్పుమంటుంది. ఆ వాసన వచ్చిందంటే లోపల ఇంకా మెత్తగా ఉందని ఆశ పెట్టుకోవచ్చు. పుల్ల తెగిపోతే నాజిల్ విప్పి మెడలోని ముద్దను తీయాలని కూడా చెప్పు.

‘ఏళ్ల తరబడి నిలవుంటుంది’ అన్న మాట మాత్రం తీసేయి. ప్లాస్టిక్ గోడల గుండా కూడా తేమ మెల్లగా చొరబడుతుంది. సీలు తీయని ట్యూబుకే చాలా కంపెనీలు ఏడాది అటూ ఇటూ గడువు వేస్తాయి. మీ విశాఖ ఉక్కలో, ఎండ పడే బాల్కనీలో పెట్టినదానికి అంత ఆయువు కూడా ఉండదు.

ఈ వారమే ఒక ట్యూబు తెరిచి, కొంత వాడి, స్క్రూ బిగించి, తేదీ రాసి అలమరలో పెట్టు. నెల తర్వాత తీసి, ఎంత లోతున గట్టిపడిందో స్కేలుతో కొలిచి, ఆ కొలతతో వ్యాసం తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు