పదమూడేళ్ల అబ్బాయి కుటుంబ ప్రార్థనకు రానంటున్నాడు, బలవంతపెట్టాలా?

సాయంత్రం ప్రార్థన అనగానే మీ అబ్బాయి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటున్నాడని, మీ వారు గుడికి (చర్చికి) రారు కనుక ఈ భారమంతా మీ ఒక్కరిదేనని రాశారు. నాలుగేళ్ల క్రితం గుంటూరులో మా ఇంట్లో జరిగినది చెబుతాను, సహోదరీ.

సండే స్కూలులో కంఠత వాక్యాలు తడుముకోకుండా అప్పజెప్పి బహుమతులు తెచ్చుకున్న మా అబ్బాయి, ఎనిమిదో తరగతికి వచ్చాక ప్రార్థనకు రానని మొండికేశాడు. కోప్పడి, ఫోను తీసేసుకుంటే వచ్చి కూర్చునేవాడు గాని, గోడ వైపే చూస్తూ ఉండేవాడు. ఒక రాత్రి భోజనాల దగ్గర కారణమేమిటని నెమ్మదిగా అడిగితే, "నువ్వు రోజూ దేవుడికి నా మీద చాడీలు చెబుతావమ్మా" అన్నాడు. నా చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ప్రభువా, ఈ బిడ్డకు లెక్కల మీద శ్రద్ధ దయచేయుము, చెడు స్నేహాల నుండి తప్పించుము" అని వాడి ఎదుటే బిగ్గరగా ప్రార్థించేదాన్ని. పగలు తిట్టగా మిగిలిన తిట్లను రాత్రి ఆమెన్‌తో ముగిస్తున్నానని అప్పుడు గాని నాకు తెలిసిరాలేదు.

బైబిల్లోని ఎఫెసీ పత్రిక (ఎఫెసు సంఘానికి రాసిన ఉత్తరం) 6వ అధ్యాయంలో పిల్లలు విధేయులుగా ఉండాలన్న మొదటి వచనం మనకు నోటికి వస్తుంది. పిల్లలకు కోపం రేపవద్దని 4వ వచనంలో తండ్రులకు చెప్పిన మాట తల్లులకూ వర్తిస్తుందని నా నమ్మకం. మరునాడు వాడిని క్షమించమని అడిగాను. వాడి గురించిన భారమంతా తెల్లవారుజామున ఒంటరిగా మోకరించి చెప్పుకోవడం మొదలుపెట్టాను. సాయంత్రం ప్రార్థనను పది నిమిషాలకు కుదించి, తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి (1803–1890) గారి కీర్తన ఒకటి పాడి, "నీ కోసం ఏమి ప్రార్థించమంటావు?" అని అడిగేదాన్ని. రెండు వారాల పాటు "ఏమీ లేదు" అన్నాడు. ఊరుకున్నాను, అన్నిటికన్నా ఆ ఊరుకోవడమే కష్టమైంది. తరువాత ఒక రోజు, స్నేహితుడి నాన్నకు డయాలసిస్ చేస్తున్నారని, ఆయన కోసం ప్రార్థించమని తానే అడిగాడు.

ఆదివారపు ఆరాధన విషయంలో మాత్రం నేను పట్టు సడలించలేదు, మీరూ సడలించవద్దు. మీ వారి సంగతికి వస్తే, బైబిల్లో పౌలు శిష్యుడైన తిమోతి తల్లి విశ్వాసి, తండ్రి మాత్రం గ్రీసుదేశస్థుడు. ఆ పిల్లవాడికి విశ్వాసం అవ్వ లోయి నుండి, తల్లి యునీకే నుండి వచ్చిందని పౌలు రాశాడు.

వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు డబ్బాలో వేసి, నిండాక గుడికి తీసుకువెళ్లడం మా అమ్మ నుండి నాకు వచ్చిన అలవాటు. దాని గురించి మా అబ్బాయికి ఎప్పుడూ బోధించలేదు. నిరుడు నేను జ్వరంతో పడుకున్న రోజు వాడే కుక్కర్ పెట్టాడు. బియ్యం కడిగే ముందు ఆ డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టిన చప్పుడు నాకు వినిపించింది. ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. వారంలో ఒకటి రెండు రోజులు ఇప్పటికీ ప్రార్థనకు రాడు. ఒకసారి పిలిచి, కీర్తన మొదలుపెడతాను.