ఆకర్షిస్తాయా, ఆకర్షించుకుంటాయా?

సందేహం: మా అమ్మాయి ‘సజాతి విద్యుతావేశాలు వికర్షిస్తాయి, విజాతి ఆవేశాలు ఆకర్షిస్తాయి’ అని రాస్తే, టీచరు ‘వికర్షించుకుంటాయి, ఆకర్షించుకుంటాయి’ అని దిద్దారు. రెండింటికీ తేడా ఉందా? ఋణం అంటే అప్పు కదా, కరెంటు పాఠంలో ఋణావేశం ఏమిటి?

సమాధానం: టీచరు దిద్దింది సరైనదే. దిద్దకపోయినా అర్థమయ్యేదే కదా అనిపిస్తుంది గానీ, ‘ఆకర్షించుకుంటాయి’లోని ‘కుంటాయి’ ‘కొను’ అనే క్రియ రూపమే, సగం పాఠం ఆ ‘కొను’లోనే ఉంది.

‘అన్న తమ్ముణ్ని కొట్టాడు’ అంటే దెబ్బలు ఒకవైపే. ‘అన్నదమ్ములు కొట్టుకున్నారు’ అంటే ఇద్దరికీ తగిలాయి. తిట్టుకోవడం, మాట్లాడుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం అన్నీ ఈ కోవలోవే. ‘ఆకర్షిస్తాయి’ అని ఆపేస్తే ‘దేన్ని?’ అనే ప్రశ్న మిగిలిపోతుంది. ‘ఆకర్షించుకుంటాయి’ అంటే ఆ ప్రశ్నే రాదు. ఇది దాన్ని లాగుతుంది, అది దీన్ని లాగుతుంది. 1785లో ఫ్రాన్సులో కూలుంబ్ అనే శాస్త్రవేత్త ఈ బలాన్ని కొలిచి నియమం చెప్పాడు. ఒకదాని ఆవేశం రెండోదానికి పదిరెట్లు ఉన్నా సరే, రెండింటి మీదా పనిచేసే బలం సమానమే. పెద్దది ఎక్కువ లాగడం, చిన్నది తక్కువ లాగడం ఉండదు. ఇంత విషయాన్ని మన భాష ఒక్క చిన్న క్రియతో చెప్పేస్తుంది. అందుకే దాన్ని వదిలేస్తే నాకు బాధగా ఉంటుంది.

ఇంట్లోనే చూడవచ్చు. రెండు బెలూన్లను దారాలతో పక్కపక్కనే వేలాడదీసి, రెండింటినీ నూనె లేని పొడి జుట్టుకు రుద్దండి. వెంట్రుకల నుంచి ఎలక్ట్రాన్లు, అంటే ఋణావేశం ఉన్న అతిచిన్న కణాలు, రెండింటి మీదికీ చేరతాయి. అంటే రెండింటిదీ ఒకే రకం ఆవేశం, సజాతి. చెయ్యి వదలగానే రెండూ ఎడమొహం పెడమొహంగా జరిగిపోతాయి. ఒకటి నిలబడి రెండోది పారిపోవడం కాదు, రెండు దారాలూ ఏటవాలుగా వంగుతాయి. అదే ‘వికర్షించుకోవడం’.

అదే జుట్టు దువ్విన ప్లాస్టిక్ దువ్వెనను కాగితం ముక్కల దగ్గర పెడితే ‘దువ్వెన కాగితాలను లాక్కుంటోంది’ అంటాం. ఇక్కడి ‘కొను’ వేరు. ‘అన్నం వండుకున్నాడు’లో ఉన్నట్టు, తనకోసం, తనవైపు అని అర్థం. నిజానికి కాగితమూ దువ్వెనను అంతే బలంతో లాగుతుంది. కాకపోతే కాగితం తేలిక, దువ్వెన మన చేతిలో ఉంది. కదిలేదాన్ని చూసి మాట్లాడతాం కాబట్టి ఆ మాటా తప్పు కాదు.

ఆకర్షణ, వికర్షణ రెండూ ‘కృష్’ ధాతువు నుంచి వచ్చినవే. లాగడం, దున్నడం దాని అర్థాలు. కృషి, కర్షకుడు దాని బిడ్డలే. ‘ఆ’ చేరితే తనవైపు లాగడం, ‘వి’ చేరితే వేరుగా లాగడం. జరిగేది నెట్టడమే అయినా మాటలో లాగడమే ఉండిపోయింది. హిందీ పుస్తకాల్లో ప్రతికర్షణ అంటారు. పరీక్షలో వికర్షణ అనే రాయాలి, కానీ పిల్లలకు మొదటిసారి చెప్పేటప్పుడు ‘దూరంగా నెట్టుకుంటాయి’ అనండి. చప్పున పట్టుకుంటారు.

ఇక ఋణం. ధనం, ఋణం అనే జంట మన గణితంలో పాతదే. బ్రహ్మగుప్తుడు 628లోనే ధన, ఋణ సంఖ్యల లెక్కకు సూత్రాలు రాశాడు. 1747లో అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ విద్యుత్తును ఒక ద్రవంలా ఊహించి, ఎక్కువైతే ప్లస్, తక్కువైతే మైనస్ అన్నాడు. ఆ ప్లస్, మైనస్‌లకే మనం ధన, ఋణ అంటున్నాం. అయితే 1897లో ఎలక్ట్రాన్ బయటపడ్డాక తేలింది వేరు. ఎలక్ట్రాన్లు ఎక్కువైన వస్తువుకే ఋణావేశం, పోగొట్టుకున్నదానికి ధనావేశం! అందుకని ఈ ఋణాన్ని అప్పు అనుకోవద్దు, లెక్కల్లో గుర్తుగానే తీసుకోండి. ఆవేశం కూడా కోపం కాదు. ‘ఆ’ మీద ‘విశ్’, అంటే లోపలికి చేరడం. ప్రవేశంలో ఉన్నదీ ఆ ధాతువే. దేవత పూనితే ఆవేశించింది అంటాం కదా, అలాగే.

మీ ఉత్తరంలో ‘విద్యుతావేశాలు’ అని ఉంది. విద్యుత్ చివరి ‘త్’ అచ్చు ముందు ‘ద్’ అవుతుంది. సత్ + ఆచారం సదాచారం అయినట్టే ఇదీ విద్యుదావేశం. అమ్మాయి నోటుబుక్కులో అదీ దిద్దించండి.