మీ ప్రశ్న – మా జవాబు: చర్చి గంట

ప్రశ్న: మా ఊరి చర్చిలో ఆదివారం ఆరాధనకు ఒక తీరుగా, ఎవరైనా చనిపోతే మరొక తీరుగా గంట కొడతారు. గంట విని సంగతేమిటో మా జేజి ఇంట్లో కూర్చునే చెప్పేది. ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది? బైబిలులో చర్చి గంట గురించి ఉందా?
— ఒక పాఠకురాలు, జమ్మలమడుగు

జవాబు: మీ రెండవ ప్రశ్నతో మొదలుపెడతాను. బైబిలులో చర్చి గంట లేదు. నిర్గమకాండం 28వ అధ్యాయంలో, ప్రధాన యాజకుడైన అహరోను ధరించే నిలువుటంగీ అంచున బంగారు గంటలను, దానిమ్మపండ్ల ఆకృతులను ఒకదాని పక్కన ఒకటిగా అమర్చాలని ఉంది. అతడు పరిశుద్ధ స్థలంలోకి వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు వాటి సవ్వడి వినిపించాలి. అవి దుస్తులకు కుట్టిన చిన్న గంటలే గాని, ఊరిని పిలిచే గంటలు కావు. జనాన్ని కూడగట్టడానికి సంఖ్యాకాండం 10వ అధ్యాయంలో చెప్పినవి రెండు వెండి బూరలు. తొలి క్రైస్తవులు రోమా పాలన కింద తరచు హింసకు గురవుతూ ఇళ్ళలో కూడుకునేవారు కనుక, తమ ఉనికిని చాటే సాధనమేదీ వారికి క్షేమం కాదు. 313లో ఆ మతానికి చట్టబద్ధమైన స్వేచ్ఛ లభించిన తరువాతనే అందరికీ వినిపించేలా పిలిచే వీలు కలిగింది.

ఇటలీలోని నోలా పట్టణానికి 5వ శతాబ్దారంభంలో బిషప్‌గా ఉన్న పౌలినుసు చర్చి గంటను ప్రవేశపెట్టాడని చాలాచోట్ల చదువుతాము. అయితే ఆయన తన చర్చిని వివరంగా వర్ణించిన లేఖలోనే గంట ఊసు లేదు కాబట్టి దీనిని ఐతిహ్యంగానే తీసుకోవాలి. మఠాలలో ప్రార్థన వేళకు గంట మోగించడం 6వ శతాబ్దపు రచనల్లో కనబడుతుంది. ఆ తరువాత గంట గోపురమెక్కి మఠం గోడలు దాటి ఊరందరిదీ అయింది.

ఇక మీ జేజిగారికి తెలిసిన ఆ గంటల భాష గురించి. గడియారం ఇంటింటికీ లేని కాలంలో పొలంలో ఉన్నవారికీ, మంచాన పడి ఉన్నవారికీ ఒకే క్షణంలో ఒకే కబురు అందాలంటే గంటను మించిన సాధనం లేదు. అందుకే ఎన్ని దెబ్బలు, ఎంత ఎడం, ఏ వేళ అన్న మూడింటితోనే ఆ కబురును చెప్పగలిగేలా ప్రతి ఊరూ ఒక కట్టుబాటు చేసుకుంది. కతోలికుల త్రికాల ప్రార్థనకు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడేసి దెబ్బల చొప్పున మూడుసార్లు కొట్టి, ఆపైన కొంతసేపు మోగిస్తారు. మధ్యాహ్నపు గంట వెనుక ఒక యుద్ధం ఉంది: 1456లో ఒట్టోమాన్ తురుష్కుల సేనలు, నేటి సెర్బియాలోని బెల్‌గ్రేడ్ కోటను ముట్టడించినప్పుడు, కోటను కాపాడుతున్నవారి కోసం ప్రార్థించమని గుర్తుచేస్తూ గంటలు మోగించాలని పోప్ మూడవ కలిస్టస్ ఆజ్ఞాపించాడు.

చావు గంటకు ఇంగ్లండ్ పల్లెల్లో మరింత నిర్దిష్టమైన లెక్క ఉండేది. చాలాచోట్ల మగవారికి 9 దెబ్బలు, ఆడవారికి 6, పిల్లలకు 3 కొట్టి, కాస్త ఆగి, చనిపోయినవారి వయస్సు ఎన్నేళ్ళో అన్ని దెబ్బలు కొట్టేవారు. ఎవరింట్లో ఎవరికి బాగాలేదో అందరికీ తెలిసిన చిన్న ఊళ్ళలో, దెబ్బలు లెక్కపెట్టినవారికి పేరు వేరే చెప్పవలసిన పని ఉండేది కాదు. మన ప్రాంతంలో సాధారణంగా చావుకు ఒక్కొక్క దెబ్బను ఆగి ఆగి కొడతారు. కడపలో లండన్ మిషనరీ సొసైటీ 1822లోనే పని మొదలుపెట్టింది. నంద్యాల వైపు ఆంగ్లికన్ మిషనరీలు, కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు, అన్నిచోట్లా కతోలిక గురువులు తమ తమ అలవాట్లతో వచ్చారు. అందువల్ల ఇరుగుపొరుగు ఊళ్ళలోనే గంట కొట్టే తీరు వేరుగా ఉంటే ఆశ్చర్యపోనక్కరలేదు. మీ జేజిగారు విన్నది మీ ఊరి భాష. ఆమె తరం వారిని ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోకపోతే అది పోతుందని నాకు నిజంగా బెంగగా ఉంది.

మౌనం కూడా ఈ భాషలో భాగమే. కతోలిక దేవాలయాల్లో పవిత్ర గురువారం నాటి పూజ నుంచి ఈస్టర్ జాగరణ పూజ వరకు గంటలు మోగవు. వాటికి బదులు చెక్క చిడతల వంటివి వాడతారు. ఆ రోజుల్లో గంటలన్నీ రోముకు ఎగిరిపోయాయనీ, ఈస్టర్ గుడ్లు తీసుకుని తిరిగి వస్తాయనీ ఫ్రాన్సులో పిల్లలకు కథ చెబుతారు. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ప్రభుత్వమే 1940 జూన్‌లో చర్చి గంటలను ఆపించింది. శత్రువు దిగాడని చెప్పడానికి తప్ప మోగించకూడదన్నది ఆజ్ఞ. ఈజిప్టులోని ఎల్ అలమెయిన్ వద్ద బ్రిటిష్ సేనలు గెలిచిన తరువాత 1942 నవంబరులో ఒక ఆదివారం వాటిని మళ్ళీ మోగనిచ్చారు.

ప్రశ్న: గుడి గంటకూ చర్చి గంటకూ అసలు తేడా ఏమిటి? చర్చి గంటలు వేలాడే గుళ్ళు మహారాష్ట్రలో ఉన్నాయని విన్నాను. నిజమేనా?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: రెండూ ప్రధానంగా కంచువే. గుడిలో భక్తుడు తాను లోపలికి అడుగుపెడుతూ, దేవుని ఎదుట తానే గంట కొడతాడు. చర్చి గంటను మాత్రం ఇంకా రానివారి కోసం, ఎత్తు నుంచి ఒకరు అందరి తరఫున కొడతారు. అయినా నమ్మకాలలో అవి మనం అనుకునేదానికంటే దగ్గరివి. గంటానాదం దేవతలను రప్పిస్తుంది, రాక్షసులను పారద్రోలుతుంది అని మన పూజా విధానంలో చెప్పుకుంటాము. ఐరోపాలోనూ ఉరుములు మెరుపుల వెనుక దుష్టశక్తులున్నాయని, గంట మోగిస్తే అవి పారిపోతాయని నమ్మి గాలివానలో గోపురమెక్కి గంటలు కొట్టేవారు. తడిసిన తాడు పట్టుకుని ఊరిలో అన్నిటికంటే ఎత్తయిన కట్టడంలో నిలబడటం ఎంతటి ప్రమాదమో వారికి తెలియదు. 1784లో జర్మనీలో వెలువడిన ఒక రచన, 33 ఏళ్ళలో 386 చర్చి గోపురాలపై పిడుగులు పడి 103 మంది గంట కొట్టేవారు మరణించారని లెక్క చూపింది. ఊరిని కాపాడుతున్నామన్న నమ్మకంతోనే వారు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

మీరు విన్నది నిజమే. 1739లో పేష్వా తమ్ముడు చిమాజీ అప్పా పోర్చుగీసుల నుంచి ముంబై దగ్గరి వసయి కోటను గెలుచుకున్నప్పుడు అక్కడి చర్చి గంటలను మరాఠా సేనానులు విజయచిహ్నాలుగా తీసుకువెళ్ళి గుళ్ళలో కట్టించారు. నాసిక్‌లో గోదావరి ఒడ్డునున్న నారోశంకర్ ఆలయం గంట వాటిలో పేరుపొందింది. భీమాశంకర్ ఆలయంలోనూ అటువంటిది ఉంది.

ప్రశ్న: మా చర్చి గంట పాతది. ఈమధ్య బొంగురుగా మోగుతోంది, పగిలిందని అంటున్నారు. పాత సామాను కొనేవారికి తూకానికి అమ్మి, మైకులో రికార్డు గంట పెట్టాలని సంఘ పెద్దల ఆలోచన. మీ సలహా ఏమిటి?
— ఒక సంఘ సభ్యుడు, నంద్యాల

జవాబు: దయచేసి తొందరపడి అమ్మవద్దని నా మనవి. ముందు అది నిజంగా పగిలిందో లేదో చూడండి. గంటను వేలాడదీసిన బోల్టు వదులైనా, అంచు ఏ దూలానికో తగులుతున్నా, నాలుక (లోపల వేలాడుతూ గంటను కొట్టే కడ్డీ) అరిగి పక్కకు జరిగినా బొంగురు గొంతే వస్తుంది. ఇవన్నీ స్థానిక పనివారు సరిచేయగలిగినవే. అంచు చుట్టూ శుభ్రంగా తుడిచి, పగటి వెలుగులో లోపలా బయటా చూస్తే వెంట్రుక వంటి గీత ఉందో లేదో తెలుస్తుంది.

కంచు మోగినట్లు కనకం మోగదని మనవారు ఊరకే అనలేదు. గంట కంచులో సుమారు 78 పాళ్ళు రాగి, 22 పాళ్ళు తగరం ఉంటాయి. తగరం అంతగా కలవడం వల్లనే లోహం గట్టిపడి చాలాసేపు మోగుతుంది, అందువల్లనే పెళుసుగా కూడా ఉంటుంది. బాగా పోత పోసిన గంట ఒక్క దెబ్బకు ఒక్క స్వరం పలకదు. షడ్జం (స)తో పాటు కింది స్థాయి షడ్జం, సాధారణ గాంధారం (రెండు రకాల ‘గ’ స్వరాలలో తగ్గుది), పంచమం (ప), పై స్థాయి షడ్జం కలిసి పలుకుతాయి. హెచ్చుదైన అంతర గాంధారం కాక సాధారణ గాంధారం ఉండటం వల్లనే చర్చి గంటలో ఆ కాస్త విషాదపు జీర వినిపిస్తుందని నేను అనుకుంటాను. రికార్డు చేసి లౌడ్ స్పీకరులో వినిపిస్తే ఈ పొరలలో చాలా భాగం పోతుంది. పైగా 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్ స్పీకరు వాడకూడదు కాబట్టి, తెల్లవారుజాము ప్రార్థనకు మీ రికార్డు గంట పనికిరాదు.

చాలా గంటలు పగలడానికి కారణం, శ్రమ తగ్గుతుందని నాలుకకే తాడు కట్టి లాగడం. అప్పుడు నాలుక దెబ్బ కొట్టి వెంటనే వెనక్కి రాక అంచును అదిమిపెడుతుంది. పగులు తేలితే మామూలు వెల్డింగు చేయించకండి. ఒక్కచోటే వేడి తగిలితే పక్కన కొత్త పగులు పుడుతుంది. గంట మొత్తాన్ని నిదానంగా వేడిచేసి, అతికి, నిదానంగానే చల్లార్చడం తెలిసినవారే ఆ పని చేయాలి. ఒకేచోట దెబ్బలు తగిలి అరిగిందే తప్ప పగలకపోతే, గంటను పావు వంతు తిప్పి కట్టిస్తే నాలుక కొత్త చోట తగులుతుంది. లండన్‌లోని బిగ్ బెన్ 1859లోనే పగిలింది. దానిని కొంత తిప్పి, తేలికైన సుత్తి అమర్చారు. ఆ పగులుతోనే అది నేటికీ మోగుతోంది.

ఒకసారి కరిగిన గంట తిరిగి రాదు. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఐరోపా అంతటా సుమారు 1,75,000 గంటలను దింపించగా వాటిలో దాదాపు 1,50,000 కరిగిపోయాయి. వాటితోపాటు వాటి మీది పేర్లు, తేదీలు కూడా పోయాయి. మీ గంట మీద కూడా పోత పోసినవారి పేరు, సంవత్సరం, దానమిచ్చినవారి వివరం ఉండవచ్చు. మెరుపు కోసం చింతపండు పెట్టి గట్టిగా తోమితే ఆ అక్షరాలు అరిగిపోతాయి కనుక అలా చేయనివ్వకండి. పలుచని కాగితం అద్ది పెన్సిలుతో రుద్ది నకలు తీయండి. ఏ సందర్భానికి ఎన్ని దెబ్బలో గంట కొట్టే పెద్దవారి చేత చెప్పించి, ఆ నకలుతో కలిపి సంఘం రిజిస్టరులో చేర్పించండి. అమ్మకం సంగతి ఆ రెండు పనులూ పూర్తయ్యాక, ఆ రిజిస్టరును సంఘమంతటి ముందూ పెట్టి మాట్లాడండి.