హాల్‌స్టాట్‌కి మూడు గంటలు సరిపోతాయా, రాత్రి ఉండాలా?

'అమ్మానాన్నలతో ఆస్ట్రియా వెళ్తున్నాం, హాల్‌స్టాట్‌కి మూడు గంటలు సరిపోతాయా' అని అడిగారు కదా. ఆస్ట్రియాలో సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ఊరది. సరస్సు, ఊరు కలిసొచ్చే ఆ ఫొటో కోసమే అయితే మూడు గంటలు ఎక్కువే. ఊరు చూడాలంటే మాత్రం రాత్రి ఉండండి.

సాల్జ్‌బర్గ్‌లో చదువుకునేటప్పుడు రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఆగస్టులో, ఫ్రెండ్స్‌తో, పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేశాం, అంతా తోపులాటే, తిరుమల క్యూ గుర్తొచ్చింది. ఎనిమిది వందల మంది కూడా లేని ఊరికి సీజన్‌లో రోజూ వేలల్లో జనం వస్తారు మరి. సెల్ఫీల గోల భరించలేక 2023లో ఫొటో పాయింట్ దగ్గర చెక్క అడ్డు కట్టారు, దాని మీద ఇంకో గోల అయ్యేసరికి తీసేశారు. (చైనాలో 2012లోనే ఈ ఊరికి నకలు కట్టేశారు, ఫొటో ఒక్కటే కావాలంటే అదీ ఉంది!)

రెండోసారి అమ్మానాన్న వచ్చినప్పుడు ఒక పెద్దావిడ ఇంట్లో రూమ్ తీసుకున్నాం. సాయంత్రం టూరిస్టు బస్సులు వెళ్ళిపోయాక చూడాలి ఆ ఊరిని. ఆదివారం కావడంతో నేను చూసిన సూపర్‌మార్కెట్ మూసుంది, అమ్మ కట్టుకొచ్చిన పులిహోర సరస్సు ఒడ్డున కూర్చుని తిన్నాం.

తప్పకుండా చూడాల్సింది చర్చి పక్కనున్న ఎముకల గది. కొండకీ సరస్సుకీ మధ్య ఇరుక్కున్న ఊరు, శ్మశానానికి చోటెక్కడ? అందుకే పదీ పదిహేనేళ్ళకి సమాధి తవ్వి, పుర్రెని ఎండకి ఆరబెట్టి, దాని మీద పేరు రాసి, పూలూ ఆకులూ గీసి లోపల పెట్టేవాళ్ళు. దాదాపు 1,200 పుర్రెలున్నాయి, అందులో 610 రంగులు వేసినవి. చివరిది ఒకావిడ పుర్రె, 1995లో పెట్టారు, దాని బంగారు పన్ను ఇంకా అలాగే ఉంది. మన దగ్గర అస్థికలు నదిలో కలిపేస్తాం కదా, అమ్మకి ముందు భయమేసింది, కాసేపయ్యాక ఆవిడే ఒక్కో పుర్రె దగ్గరా ఆగి ఏ పూలు గీశారో చూస్తూ ఉండిపోయింది, బయటికి తీసుకురావడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఉప్పు గని కూడా చూడండి, వెళ్ళేముందు తెరిచుందో లేదో కనుక్కోండి. క్రీ.పూ. 14వ శతాబ్దపు చెక్క మెట్లు అందులో చెక్కుచెదరకుండా దొరికాయి. 'ఉప్పులో ఊరింది కదా, ఆవకాయలాగా నిలవుంది' అన్నారు నాన్న. చరిత్ర పుస్తకాల్లో యూరప్ తొలి ఇనుప యుగానికి ఈ ఊరి పేరే పెట్టారు, ఇక్కడి కొండ మీద ఆ కాలపు సమాధులు దొరకబట్టే.

రైల్లో వెళ్తే స్టేషన్ సరస్సుకి అవతలి ఒడ్డున ఉంటుంది, పడవ టికెట్ వేరు, సాయంత్రం చివరి పడవ టైమ్ ముందే చూసుకోండి. పెద్ద సూట్‌కేసులు సాల్జ్‌బర్గ్‌లోనే వదిలేయండి, ఊళ్ళో చాలా ఇళ్ళకి మెట్లే దారి, నాన్న 23 కిలోల పెట్టె మోసింది నేనే.