చిట్లడం, పగలడం, విరగడం

సందేహం: కళాశాల సంచికకు రాసిన వ్యాసంలో ‘ఉష్ణనిరోధక పదార్థాలు అత్యధిక ఉష్ణోగ్రతలో వేగవంతమైన భారం కింద విచ్ఛిత్తి చెందుతాయి’ అన్నాను. ఈ వాక్యం సరైనదేనా?
– ఇంజనీరింగు విద్యార్థిని, ప్రొద్దుటూరు

సమాధానం: వ్యాకరణదోషం లేదమ్మా, కాని మూడు మాటలు అర్థాన్ని పక్కదారి పట్టిస్తున్నాయి. పాఠ్యపుస్తకాల్లో ‘విచ్ఛిత్తి’ అనగానే పరమాణు కేంద్రకం చీలడమే స్ఫురిస్తుంది కనుక ఇక్కడ అది తగదు. ‘ఉష్ణనిరోధకం’ అంటే వేడిని లోపలికి పోనీయనిదని ముందుగా తోస్తుంది. మీరు చెప్పే పదార్థాల్లో ఒకటైన సిలికాన్ కార్బైడు (ఇది పింగాణీ జాతిది) వేడిని అడ్డుకోదు సరికదా, చక్కగా ప్రసరింపజేస్తుంది, దాని గొప్పతనమంతా వేడిని ఓర్చుకోవడంలోనే ఉంది. భూమిని ‘సర్వంసహ’ అన్నట్లే దీన్ని ‘ఉష్ణసహ పదార్థం’ అనడం నాకు సమ్మతం. ఇక వేగం భారానిది కాదు, అది వచ్చి పడే తీరుది.

క్రియ దగ్గర మాత్రం నిదానించాలి. మీ వైపు నల్లరేగడి ఎండకు నెర్రెలిస్తుంది, కొమ్మ విరుగుతుంది, బండ పగులుతుంది. మా వంటింట్లో పరిచిన కడప బండ ఒకటి రోకలి జారిపడి మూల నుంచి మూలకు పగిలింది, అయినా నేటికీ కదలకుండా ఒక్కటిగానే ఉంది; అది విరిగిందని మా ఇంట్లో ఎవరూ అనరు. కాలుతున్న లాంతరు చిమ్నీ మీద నీటిచుక్క పడితే మాత్రం ‘చిట్లింది’ అంటాము, ఆ మాటలో చప్పుడూ ఉంది, తటాలున జరగడమూ ఉంది. తడి తగిలిన చోట గాజు చల్లబడి ముడుచుకోబోతే, చుట్టూ వేడిగా ఉన్న భాగం ముడుచుకోనీయదు. ఆ లాగుడుకే అది చిట్లుతుంది. పింగాణీ జాతి పదార్థాలన్నీ నొక్కుడును ఎంతో ఓర్చుకొని, లాగుడుకు సులువుగా లొంగిపోతాయి.

ఈ భేదం మీ వ్యాసానికి చాలా అవసరం. పింగాణీ జాతిదే అయిన మరో ఉష్ణసహ పదార్థం సిలికాన్ నైట్రైడును కాల్చి గట్టిపరిచేటప్పుడు కలిపే ఆక్సైడుల వల్ల రేణువుల నడుమ సన్నని గాజుపొర మిగులుతుంది, 1,000 డిగ్రీల సెల్సియస్ బాగా దాటాక అది మెత్తబడుతుంది. అప్పుడు భారం నెమ్మదిగా పెరిగితే రేణువులు జరగడానికి వ్యవధి దొరికి, పగులు కొద్దికొద్దిగా పాకి చివరకు వస్తువు విరుగుతుంది. అదే భారం ఒక్కసారిగా పడితే ఆ వ్యవధి లేక, అంత వేడిలోనూ చల్లని పదార్థంలాగే పెళుసుగా చిట్లుతుంది.

కాబట్టి ‘ఉష్ణసహ పదార్థాలు తీవ్రమైన వేడిలో ఉన్నా, భారం ఒక్కసారిగా పడితే పెళుసుగా చిట్లవచ్చు’ అని రాయండి. నెమ్మదిగా పడే భారం గురించి రాసేచోట ‘విరుగుతాయి’ అనే మాటనే ఉంచండి.