కొత్త యాప్‌ని మొదటిసారి చూడగానే అది నిలబడుతుందో లేదో చెప్పగలమా?

చాలావరకు చెప్పలేం. చూడగానే తెలిసేది అది మనకు నచ్చిందా లేదా అన్నదే.

2009 మేలో గూగుల్ వేవ్‌ని చూపించినప్పుడు హాల్లో ఉన్న డెవలపర్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. గూగుల్ మ్యాప్స్ వెనకున్న రాస్‌ముస్సెన్ సోదరులే దీన్నీ తయారుచేశారు. ఈమెయిల్, చాట్, డాక్యుమెంట్ అన్నీ ఒకే చోట. అవతలివాళ్లు టైప్ చేస్తుంటే ఒక్కో అక్షరం మన కళ్లముందే పడేది. ఇన్విటేషన్ కోసం జనం ఎగబడ్డారు. తీరా లోపలికి వెళ్లాక దాంతో ఏం చేయాలో చాలామందికి తోచలేదు. పైగా మన స్నేహితులకు ఇన్విటేషన్ రాకపోతే అందులో మనం ఒక్కళ్లమే! 2010 ఆగస్టులో గూగుల్ దాని అభివృద్ధి ఆపేస్తున్నట్టు ప్రకటించింది.

ఫైళ్లు దాచుకుని ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకునే డ్రాప్‌బాక్స్‌కి జరిగింది దీనికి తలకిందులు. 2007లో దాని వ్యవస్థాపకుడు డ్రూ హ్యూస్టన్ డెమో వీడియో పెడితే, లినక్స్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) వాడేవాళ్లు ఇలాంటిది సొంతంగానే చేసుకోవచ్చు కదా అని ఒకాయన పెదవి విరిచాడు. ఆ మాట అబద్ధమేమీ కాదు. కానీ అలా సొంతంగా చేసుకోవడానికి వాడే ఎఫ్‌టీపీ (కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంపే పద్ధతి) పేరే వినని వాళ్లకు కావలసింది, ఫోల్డర్లో ఫైలు పడేస్తే ఇంకో కంప్యూటర్లో కనబడటం, అంతే. 2018లో ఆ కంపెనీ స్టాక్ మార్కెట్‌కి వచ్చింది.

నేనైతే రెండు వారాలు ఆగి చూస్తాను: నోటిఫికేషన్ రాకుండానే నా అంతట నేను దాన్ని తెరుస్తున్నానా అని. ఈ పరీక్షలో పాసైన యాప్‌లు నా ఫోన్లో వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.