పీఈ రౌటర్ కొనేముందు క్యూలు లెక్కపెట్టండి

ప్రశ్న: మా ఎంపీఎల్ఎస్ (ప్యాకెట్లను లేబుళ్ల ఆధారంగా నడిపే) నెట్‌వర్క్‌లో కస్టమర్ లింకులు సగం కూడా నిండవు. అయినా వాయిస్ కాల్స్ తెగుతున్నాయి. కొత్త పీఈ (ప్రొవైడర్ ఎడ్జ్, అంటే కస్టమర్ లింకులు వచ్చి కలిసే) రౌటర్‌లో ఏం చూడాలి?

జవాబు: ముందు క్యూలు, అంటే ప్యాకెట్లు తమ వంతు కోసం ఆగే వరసలు. డేటాషీట్‌లో 'పోర్టుకు 8 క్యూలు' అని మాత్రమే ఉంటే ఆ పెట్టె మీకు చాలదు. ఒకే పోర్టు మీద 500 వీలాన్‌లు (ఒక్కో కస్టమర్‌కు ఒక వర్చువల్ లింకు), ఒక్కోదానికి 4 క్లాసులు (వాయిస్, డేటా లాంటి ట్రాఫిక్ రకాలు) అంటే 2000 క్యూలు కావాలి. పోర్టు, కస్టమర్, క్లాసు అనే మూడంచెల షెడ్యూలింగ్ (ఏ ప్యాకెట్ ముందు వెళ్లాలో తేల్చడం) హార్డ్‌వేర్‌లోనే జరగాలి. కొన్ని మోడళ్లలో ఇది ఫలానా లైన్‌కార్డుకే (రౌటర్‌లో పోర్టులుండే కార్డు) పరిమితం. కార్డు పేరుతో సహా రాతపూర్వకంగా తీసుకోండి.

బఫర్ (ప్యాకెట్లను కాసేపు ఆపి ఉంచే మెమరీ) కూడా అంతే ముఖ్యం. 10 గిగాబిట్ల కోర్ నుంచి 1 గిగాబిట్ పోర్టుకు ట్రాఫిక్ దిగేటప్పుడు మిల్లీసెకన్ల పాటు వచ్చే ఉప్పెనకే ప్యాకెట్లు రాలిపోతాయి. ఐదు నిమిషాల సగటు గ్రాఫులో అది కనపడదు. మీ సమస్య బహుశా ఇదే. 1 గిగాబిట్ పోర్టుకు 100 మిల్లీసెకన్ల బఫర్ అంటే 12.5 మెగాబైట్లు. వాయిస్‌కి మాత్రం లోతైన క్యూ వద్దు. డీఎస్‌సీపీ 46 (వాయిస్ ప్యాకెట్లకు వేసే గుర్తు) ఉన్నవాటిని ప్రయారిటీ క్యూలో పెట్టి, దానికో గరిష్ఠ పరిమితి బిగించండి. లేకపోతే మిగతా క్లాసులు ఎండిపోతాయి.

షేపర్ (ట్రాఫిక్ వేగాన్ని పరిమితిలో ఉంచే భాగం) ఏ బైట్లు లెక్కిస్తుందో అడగండి. 200 బైట్ల జీ.711 (వాయిస్ కోడెక్) ప్యాకెట్ ఈథర్‌నెట్ హెడర్, చెక్‌సమ్, వీలాన్ ట్యాగ్, ప్రియాంబుల్ (ఫ్రేము మొదలైందని తెలిపే బైట్లు), ఫ్రేముల మధ్య ఖాళీతో వైరు మీద 242 బైట్లవుతుంది.

కొనేముందు క్యూలన్నీ కాన్ఫిగర్ చేసి, 120 శాతం లోడులో వాయిస్ జిట్టర్ (ప్యాకెట్ల ఆలస్యంలో హెచ్చుతగ్గులు) కొలవండి.